రెండు పళ్ల కొసరు

1982 మార్చి 28, ఆదివారం. ఉదయం 6.10

లెక్కల పుస్తకం నాకు వేరే ఉంది. ఈ నోటుబుక్కు లెక్కలకి కాదు, ప్రతిజ్ఞకి. నిన్న రాత్రి భోజనాల దగ్గర నోరు జారాను. జారిన మాటని ప్రతిజ్ఞగా మార్చుకోవడం, బళ్లో పెద్ద టీచరుగా చేసినవాళ్లకి పెద్ద పనేం కాదు.

జరిగింది ఇది. శనివారం కదా, ఎప్పటిలాగే సింహాచలం వెళ్లి వస్తున్నాం. మా అబ్బాయి భీమశంకరరావు ముందు, నేను వెనక. దారిలో మోటారు సైకిలు చైను మూడుసార్లు జారింది. మూడోసారి ఊడి రోడ్డు మీద పడింది. దాన్ని పేపర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని నేను రిక్షాలో ఇల్లు చేరాను. వాడు బండి తోసుకుంటూ చాలాసేపటికి వచ్చాడు. వస్తూనే అన్నాడు:

"అమ్మా, ఇంక నా వల్ల కాదు. కన్నబాబు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. ఆ డబ్బుతో స్కూటరు బుక్ చేద్దాం."

కన్నబాబుది పడవల కుటుంబం. రొయ్యల పెట్టెలు మోయించడానికి మా బండి మీద కన్నేశాడు.

స్కూటరు మాట వినగానే కోడలు సీట్లు పంచేసింది. మనవరాలు ముందు నిలబడుతుంది. తను వెనక కూర్చుంటుంది. నేను?

"మీకు బస్సే సుఖం కదండీ అత్తయ్యగారూ" అంది. నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నవే నేను గుర్తుపెట్టుకుంటాను.

రిటైరైన ఏడాది నా ప్రావిడెంట్ ఫండు పెట్టి కొన్న రాజ్‌దూత్ ఇది. కాగితాల్లో పేరు వాడిది, తోలేది వాడు, వెనక సీటు నాది. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు వచ్చినప్పుడు నేను బయల్దేరాను. ఈ అయిదేళ్లే, నేను బయల్దేరినప్పుడు బండి బయల్దేరింది. ఆ సీటు నేను వదలను.

అందుకే కంచం ముందు అనేశాను: "చందనోత్సవం లోపల, నూట ఇరవై రూపాయలు మించకుండా, చైనూ పళ్ల చక్రాలు రెండూ మార్పించి చూపిస్తాను. రూపాయి మించితే బండి కన్నబాబుది!"

భీమశంకరరావు ఎంగిలి చెయ్యితోనే ఒప్పుకున్నాడు. చందనోత్సవం ఏప్రిల్ 26. బోలెడు రోజులు!

మార్చి 29, సోమవారం. మధ్యాహ్నం 2.30

నియమాలు రాసుకున్నాను.

మొదట చెప్పిన ధర ఒప్పుకోను.
అంగడిలో టీ తాగను. టీ తాగిన మనిషి బేరం ఆడలేడు.
కొసరు లేకుండా ఏదీ కొనను.

మూడోది కొత్త నియమం కాదు. పూర్ణా మార్కెట్లో నేను సందు మలుపు తిరగ్గానే ఆకుకూరల తవిటమ్మ రెండు తోటకూర కాడలు విడిగా తీసిపెడుతుంది. "వచ్చీసింది, కొసరమ్మ" అంటుంది పక్కావిడతో. నాకు వినబడదనుకుంటుంది.

బండిని స్వయంగా పరీక్షించాను. కళ్లజోడు పెట్టుకుని, పీట వేసుకుని. ఇంజను దగ్గర చిన్న చక్రం, వెనక టైరు దగ్గర పెద్ద చక్రం. రెండింటి పళ్ల మీదా చైను తిరుగుతుంది. పళ్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. ఒక పక్కకి కాస్త వంగాయంతే. నా పళ్లూ వంగాయి, అన్నం తినడం మానేశానా?

నాకు తోచింది: చైను ఒక్కటి మారిస్తే చాలు. సగం ఖర్చు మిగిలినట్టే!

మార్చి 31, బుధవారం. రాత్రి 8.00

నజీర్ దగ్గరికి వెళ్లాను. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఇల్లు. వాకిట్లోనే మరమ్మతు, ముందు గదిలో సామాన్ల కొట్టు, దాని గుమ్మానికి ఆకుపచ్చ తెర. నజీర్ గొప్పలకోరు. ఓడ ఇంజను కూడా తన చెయ్యి పడితేనే కదిలిందంటాడు. ధర అడిగితే మాత్రం గొప్పలన్నీ ఆగిపోతాయి.

"సైను సాగిపోనాది అమ్మగారూ. సక్రాలు అరిగిపోనాయి. సెట్టు మొత్తం మార్సీయాల."

"ఎంత?"

"ధర నాకేటి తెలుస్తాది? ఆవిడ్నడగండి" అని తెర వైపు చూశాడు.

తెర వెనక నుంచి గొంతు. ఆయన భార్య మహబూబున్నీసా. "సెట్టు రెండొందల పది టీచరమ్మగారూ, బిగింపు కూలీతో."

"బీబీ, నేను పెళ్లికి గొలుసు అడగలేదు. బండికి అడుగుతున్నాను."

"పెళ్లి గొలుసైతే తక్కువలోనే పోయేది. అది రోడ్డు మీద పరిగెట్టదు కదా."

నేను మొహాలు చూసి అబద్ధాలు పట్టిన మనిషిని. హోమ్‌వర్కు కుక్క తినేసిందన్నవాడి కనుబొమ్మ చూసి ఆ కుక్క పేరు కూడా చెప్పేదాన్ని. కానీ తెరకి కనుబొమ్మలు ఉండవు! రెండొందల పది అన్నప్పుడు ఆవిడ నవ్విందో, భయపడిందో, వక్క నములుతోందో, ఏమీ తెలియదు. ఎక్కడ తగ్గుతుందో పట్టే ఆధారమే లేదు.

టీ తెమ్మంటారా అంది. వద్దన్నాను. నియమం పాటించాను.

ఏప్రిల్ 3, శనివారం. సాయంత్రం 5.45

జగదాంబ వైపు కొట్లో సెట్టు రెండొందల నలభై చెప్పారు. తెర దగ్గరికే తిరిగి వెళ్లాను. చైను ఒక్కటే కావాలన్నాను.

తెర వెనక నుంచి: "ఇస్తాను. కానీ వినండి. పాత సక్రం మీద కొత్త సైను ఎయ్యడమంటే, పాత అత్త ఇంటికి కొత్త కోడలు రావడమే. ఇద్దర్లో ఒకరు అరిగిపోతారు."

నజీర్ తల వంచుకుని నట్టు బిగించాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి.

"మా ఇంట్లో ఎవరూ అరగలేదు" అన్నాను.

"అల్లాగే. సెట్టు పక్కన పెట్టుంచుతాను, ఎవరికీ అమ్మను."

చైను డెబ్భై రెండు, బిగింపు ఆరు. కొసరుగా, చైను కొసలు కలిపే లాకు ఇంకోటి తీసుకున్నాను. మొత్తం డెబ్భై ఎనిమిది.

ఏప్రిల్ 4, ఆదివారం. ఉదయం 9.00

అద్భుతం! బీచి రోడ్డు మీద పట్టు మీద నడిచినట్టు నడిచింది. ఒక్కసారి జారలేదు. దిగుతూ కోడలి వైపు చూశాను. ఆవిడ బియ్యం చెరిగే పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయింది.

కన్నబాబు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, సీటు తట్టి, "రొయ్యల కాలం దాటిపోతంది పెద్దమ్మగోరూ. సీటు తీసీసి సెక్క బిగించుకుంటాను. ఎప్పుడిత్తారు?" అన్నాడు.

సీటు తీసేస్తాడట! నా సీటు!

"నా తర్వాత" అన్నాను.

ఏప్రిల్ 8, గురువారం. ఉదయం 6.30

చైనుకి రోజూ ఆముదం పెడుతున్నాను. ఇంట్లో ఆడించిన చిక్కటి ఆముదం. మా అబ్బాయికి పదేళ్లు వచ్చేదాకా తలకి పెట్టాను, వాడి జుట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మాడుకీ అరికాలికీ పనికొచ్చేది ఇనుముకి పనికిరాదా?

ఇంట్లో ఉన్నదే కాబట్టి ఖర్చు కింద రాదు.

ఏప్రిల్ 11, ఆదివారం. సాయంత్రం 6.00

మొన్నటి నుంచి కరకర శబ్దం. గాలి హార్బరు వైపు నుంచి తిరిగింది. ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం దుమ్ము మేముండే పాత ఊళ్లో ప్రతి కిటికీ మీదా ఎర్రగా పడుతోంది. అన్నీ తుడిచాను. చైను ఒక్కటి తుడవలేదు. ఆముదం ఆ దుమ్మునంతా పట్టుకుంది. వేలితో తీసి చూస్తే ఎర్రటి చట్నీ, పళ్ల కింద పెడితే కసకసలాడే రకం.

చైను మీద రేకు కవరు ఉంటే ఇంత జరిగేది కాదు. అది గలగలమంటోందని పోయినేడు నేనే తీయించేశాను. ఆ సంగతి ఇప్పుడు అనవసరం.

భీమశంకరరావు ప్యాంటు పాడైంది. చాకలికి అదనంగా రెండు రూపాయలు. అది వాడి ప్యాంటు, వాడి ఖాతా.

సాయంత్రం కాన్వెంటు దగ్గర చైను మళ్లీ జారింది. ఒక్కసారే. ఒక్కసారిని జారడం అనరు.

ఏప్రిల్ 13, మంగళవారం. రాత్రి 7.30

ఇంకా నలభై రెండు రూపాయలున్నాయి. చిన్న చక్రం ఒక్కటి మారిస్తే అంతా సర్దుకుంటుందని నిర్ణయించాను. నజీర్ దగ్గరికి కాదు, పాత ఇనుప సామాన్లు అమ్మే తవిటయ్య దగ్గరికి వెళ్లాను. తవిటయ్యకి తెర లేదు. మొహం మొత్తం కనిపిస్తుంది. ఎంత హాయి!

పాత చక్రం పద్నాలుగు పళ్లది. తవిటయ్య గంపలో అలాంటిది ఇరవై అయిదు అన్నాడు. ఇరవై రెండుకి దించాను.

"కొసరేదీ?" అన్నాను.

"ఇనుముకి కొసరేటమ్మా!"

"నా చేత కొసరు లేకుండా కొనిపించినవాడు ఈ మార్కెట్లో లేడు."

తల గోక్కున్నాడు. గంపలో వెతికి ఇంకో చక్రం తీశాడు. "ఇదిగో, అదే ధర. పదారు పళ్లు. రెండు పళ్లు కొసరు. సరేనా?"

సరేనా? అదే ధరకి రెండు పళ్లు ఎక్కువ! బిగింపుకి మాత్రం నజీర్ దగ్గరికే తెచ్చాను. వాడు పళ్లు లెక్కపెట్టి, తెర వైపు చూశాడు.

"పళ్లెక్కువైతే పరుగెక్కువ అమ్మగారూ, బలం తక్కువ" అన్నాడు.

"పరుగే కదా కావాలి."

"మీ బండి, మీ ఇష్టం."

చక్రం ఇరవై రెండు, బిగింపు ఆరు. ఇప్పటికి నూట ఆరు. వెనక పెద్ద చక్రం ఒక్కటే మిగిలింది. అది దృఢంగానే ఉంది. దృఢంగా ఉన్నదాన్ని మారిస్తే దుబారా. కాబట్టి ప్రతిజ్ఞ నెరవేరినట్టే, పద్నాలుగు రూపాయలు మిగులుతో.

ఏప్రిల్ 17, శనివారం. రాత్రి 9.00

సింహాచలం. చదును రోడ్డు మీద బాణంలా వెళ్లాం. గోపాలపట్నం దగ్గర ఒక లారీని దాటాం! వెనక నుంచి మా అబ్బాయి భుజం తట్టి, "చూశావా!" అన్నాను.

ఘాట్ రోడ్డు మొదలైంది. ఇంజను మూలిగింది. రెండో మలుపులో మరీ గట్టిగా మూలిగింది. మూడో మలుపులో నడిచేవాళ్లు మమ్మల్ని దాటారు.

"అమ్మా, కాస్త దిగు."

"ఎందుకు?"

"నువ్వు దిగితే బండి ఎక్కుతుంది."

దిగాను. అయిదేళ్లలో మొదటిసారి. బండి ముందు, నేను వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని. ఒక భక్తురాలు పక్కన నడుస్తూ, "మొక్కేటమ్మా? బండెనకాల నడుత్తానని మొక్కుకున్నారేటి?" అంది.

"అవును" అన్నాను. అబద్ధం కాదు. కొసరు అడగడం కూడా ఒక మొక్కే.

దిగేటప్పుడు చైను రెండుసార్లు జారింది. రాయను. రాశాను.

ఏప్రిల్ 18, ఆదివారం. మధ్యాహ్నం 12.40

భీమశంకరరావు కన్నబాబుని పిలిపించాడు. చందనోత్సవం దాకా ఆగడం దేనికన్నాడు. కోడలు స్కూటరు రంగు గురించి మాట్లాడుతోంది. నీలం అట.

కన్నబాబు రెండు రొయ్యల పెట్టెలు ఐసుతో సహా తెచ్చి, నా సీటు మీద కట్టాడు. నేను లోపలికి వెళ్లిపోయాను. ఆ తాడు ముడి చూడలేకపోయాను.

ముప్పావుగంటకి తిరిగొచ్చాడు. తోసుకుంటూ! చొక్కా తడిసింది, ఐసు కరిగి రోడ్డంతా చార.

"ఏటమ్మగోరూ ఇది! పల్లంలో గుర్రం, మిట్టలో దున్నపోతు! హార్బరు మిట్ట ఎక్కమంటే ఆగిపోనాది. జనం నవ్వుతన్నారు. మా పోతమ్మత్త బుట్ట నెత్తినెట్టుకుని నన్ను దాటీసి పోనాది."

"కొత్త చైను, కొత్త చక్రం" అన్నాను, గుమ్మంలోంచి.

"కొత్తదైతే మీరే ఉంచీసుకోండి. నాకొద్దు బాబూ!" పెట్టెలు విప్పుకుని పోయాడు. నాలుగు రొయ్యలు మా మెట్ల మీదే పడిపోయాయి.

భీమశంకరరావు నా వైపు తిరిగాడు. "ఏం చేశావమ్మా దీన్ని?"

"కొసరు అడిగాను" అన్నాను.

నవ్వు ఆపుకోవడానికి పూజ గదిలోకి వెళ్లవలసి వచ్చింది.

ఏప్రిల్ 21, బుధవారం. రాత్రి 8.15

మూడు రోజులుగా బండి వసారాలో నిలబడి ఉంది. మా అబ్బాయి సాయంత్రం పనులకి కూడా బస్సెక్కి పోతున్నాడు. అమ్ముడుపోలేదు, నిజమే. కానీ కదలని బండి వెనక సీటు, అరుగుతో సమానం. నిన్న దాని మీద ఎక్కి కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరాను. మనవరాలు వచ్చి, "నాన్నమ్మా, ఏ ఊరెళ్తున్నావు?" అంది.

ఈ ఉదయం చైను ఊడదీయించి, పేపర్లో చుట్టుకుని నజీర్ ఇంటికి వెళ్లాను. తెర ముందు నిలబడ్డాను.

"బీబీ, ఆ సెట్టు ఉందా?"

"ఉంటాది. మీకోసమే ఉంచినాను. లోపలికి రండి."

వెళ్లాను. తెర అవతలికి. నేను ఇన్నాళ్లూ ఊహించుకున్నది బొద్దుగా, గాజుల చేతులతో, గడుసు కళ్లతో ఒక ఆడమనిషిని. కనిపించింది నా వయసు మనిషే, సన్నగా, నాలాంటి కళ్లజోడే, కుడి చెవి దగ్గర నాలాగే దారం కట్టి. స్టూలు మీద సెట్టు ఉంది, గుడ్డలో చుట్టి. పక్కన రెండు టీలు. ఏలకుల వాసన.

తాగాను. (ఇది ఖర్చు కాదు, మర్యాద.)

"రెండొందల పది" అంది.

"పాత చైను వెనక్కి తీసుకో."

ఆవిడ నేను తెచ్చిన చైను ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఆముదం! టీచరమ్మగారూ, దీన్ని బండికేసినారా, పసిపిల్లకేసినారా?"

చివరికి నూట ఎనభై దగ్గర ఆగింది. ఈసారి మొహం కనిపిస్తోంది, అయినా ఇంక దించలేకపోయాను. టీ అంత బాగుంది. నియమం ఎందుకు పెట్టుకున్నానో అర్థమైంది.

అలవాటు ప్రకారం, "కొసరు?" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసింది. "ఇన్నాళ్లూ మీరే అడిగినారు. ఈసారి నాను అడుగుతాను. నాకేటి కొసరు?"

అమ్మేవాళ్లు కొసరు అడగడం నేనెక్కడా వినలేదు!

"ఈ మనిషి ఊళ్లో బళ్లన్నీ బాగుచేసినాడు. ఒక్క బండి మీద నన్నెక్కించుకుని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ట్రయలు చూస్తానని అందరి బళ్లూ యారాడ కొండెక్కించి తెస్తాడు. సముద్రం అలాగుంది, ఇలాగుంది అని సెప్తాడు. మీ బండి ట్రయలుకి నాను కూర్చుంటాను. ఎనకాల సీట్లో."

నా సీటు!

వాకిట్లో సుత్తి చప్పుడు ఆగింది. నజీర్ వింటున్నాడు.

దారం కట్టిన ఆ కళ్లజోడు చూశాను. "ఆదివారం" అన్నాను.

నూట ఆరూ, నూట ఎనభై. రెండు వందల ఎనభై ఆరు. కూడికని మూడుసార్లు చేశాను. ఏ పద్ధతిలో చేసినా నూట ఇరవై రాలేదు.

ఏప్రిల్ 25, ఆదివారం. రాత్రి 9.30

చైను, చిన్న చక్రం, పెద్ద చక్రం, మూడూ ఒక ఈడువి. నజీర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మహబూబున్నీసా ఎక్కడానికి ముందు సీటుని రెండుసార్లు చేత్తో తుడిచింది. ఒక చేత్తో సీటు అంచు, ఇంకో చేత్తో భర్త చొక్కా గట్టిగా పట్టుకుంది.

"కొట్టు చూసుకోండి టీచరమ్మగారూ!" సందు మలుపు దాటిపోయారు.

నేను తెర వెనక కూర్చున్నాను. గంట గడిచిందో లేదో, ఎవరో వచ్చి బ్రేకు తీగ ధర అడిగారు. ధర చీటీ గోడ మీద ఉంది. ఎనిమిది. తెర వెనక నుంచి, "పది" అన్నాను. ఎంత బాగుందో! వాడికి నా కనుబొమ్మలు కనబడవు!

"కొసరుగా ఒక నట్టు ఇప్పించండమ్మా."

"ఇనుముకి కొసరేటి?" అన్నాను.

ఆవిడ తిరిగొచ్చింది. కొంగుకి ఇసుక, జుట్టంతా రేగిపోయి, గొంతు బొంగురుపోయి. దారంతా అరుస్తూనే ఉందట. "కొండంతా ఎక్కీసింది టీచరమ్మగారూ! దించమని ఒక్కపాలి కూడా అన్లేదు!"

అంటే నా రెండు వందల ఎనభై ఆరు రూపాయలతో మొదటి కొండ ఎక్కింది ఆవిడ! అయినా బ్రేకు తీగ మీద ఎక్కువ వచ్చిన ఆ రెండు రూపాయలు ఆవిడ చేతిలో పెట్టాను. ఎందుకని అడిగింది. చెప్పాను. చాలాసేపు నవ్వింది.

రాత్రి భోజనాల దగ్గర భీమశంకరరావు అడిగాడు. అబద్ధం చెప్పలేను. "రెండు వందల ఎనభై ఆరు."

"మొదటి రోజు రెండొందల పదే కదమ్మా అడిగారు?"

"అవును."

"అంటే..."

"తీసివేత నాకొచ్చు. మాట తప్పాను. బండి అమ్మెయ్."

వాడు ముద్ద కలిపాడు. "ఎవరికి? కన్నబాబు హార్బరంతా చాటింపు వేశాడు. ఉచితంగా ఇచ్చినా తీసుకునేవాడు లేడు."

కోడలు పళ్లెం తీస్తూ, "అత్తయ్యగారి పళ్ల బలం" అంది. నవ్వుతూనే అంది. ఈసారి నేనూ నవ్వాను.

ఏప్రిల్ 26, సోమవారం. రాత్రి 9.20

చందనోత్సవం. తెల్లవారుజామునే బయల్దేరాం. చైను చప్పుడే లేదు. సీటు మీద కాస్త యారాడ ఇసుక.

కొండ కింద పోలీసులు బళ్లన్నీ ఆపేశారు! పైకి దేవస్థానం బస్సు, లేదా మెట్లు. బస్సుకి కొండంత వరస. మెట్లెక్కాను.

స్వామి నిజరూప దర్శనం అయింది. ఫిర్యాదు చేద్దామనుకున్నాను. ఆయన ఒంటి మీద చందనం ఏడాదికి ఈ ఒక్క రోజే తీస్తారు. తెర తీసిన మొహం ముందు బేరం ఆడకూడదని ఊరుకున్నాను.

ఏప్రిల్ 27, మంగళవారం. ఉదయం 9.10

కాళ్లు నొప్పులు. ఆముదం రాసుకున్నాను. దానికి పనికొస్తుంది.

పొద్దున్నే బండి తుడుస్తుంటే కనిపించింది: వెనక టైరు నున్నగా అరిగిపోయింది. నజీర్‌ని పిలిస్తే, "ఈ వానల్లోపు మార్సీయాల" అన్నాడు. భీమశంకరరావు పేపరు చాటు నుంచి, "మళ్లీ మొదలు" అన్నాడు. కోడలు నీలం స్కూటరు బొమ్మ ఒకటి గోడకి అంటించింది.

సరే. మొదలే. ఇకమీదట జరగవలసినవి:

1. వచ్చే శనివారం ఘాట్ రోడ్డు. కింద నుంచి పైదాకా, నేను దిగకుండా.

2. చైను దగ్గరికి ఆముదం సీసా రాకూడదు. పాత రేకు కవరు వెతికి బిగించాలి. గలగలమంటే గలగలమననీ.

3. వెనక టైరు. వానల్లోపు. నూట ఇరవై రూపాయలు మించకూడదు. ఈసారి ప్రతిజ్ఞ అంటే ప్రతిజ్ఞే.

4. టైరు బేరం తెర బయట నిలబడే ఆడాలి. టీ తాగకూడదు, ఏలకులు వేసినా సరే.

5. పదహారు పళ్ల చక్రం నా ట్రంకు పెట్టె అడుగున, పట్టుచీర కింద ఉంది. బండి కొందామని చూడటానికి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే, ముందురోజే నజీర్ చేత అది బిగించాలి.